పోను ఐదు గంటలు

కడపలో ఏడురోడ్ల కాడ
మెట్ల కింద ఉండాది నా ట్రావెల్స్ ఆఫీసు.
ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు,
గోడకు ప్రపంచ పటం.
పటంలో కడప లేదు.
పదహారేండ్ల కిందట నేనే బాల్‌పెన్నుతో చుక్క పెట్టినా.

వచ్చినోళ్లంతా ముందు ఆ చుక్క మీద వేలు పెడతారు,
ఇంకో వేలు కువైట్ మీద.
"జానెడు కూడా ల్యాకపాయ గదా సార్" అంటారు.
వేళ్లు పడీ పడీ కువైట్ రవంత మాసింది.
కడప ఉన్న చోట మాత్రం కాగితం అరిగిపోయి
ఎనకాల సున్నం కనపడతాంది.

లెక్క నాకు నోటికొచ్చు.
మద్రాసు నుంచి గాల్లో
మూడువేల ఏడువందల చిల్లర కిలోమీటర్లు,
పోను ఐదు గంటలు.
ఇంటికాణ్ణుంచి ఆ మద్రాసు చేరేదానికే
బస్సులో ఏడు గంటలని నేనుగా చెప్పను.
రాజంపేట దాటినాక కడుపులో తిప్పుతుంది,
కోడూరులో బస్సు నిలిపితే ఒక నిమ్మకాయ కొనుక్కో,
అది చెప్తా.
నేనింతవరకూ విమానమెక్కల్యా.

చక్రాయపేట దస్తగిరమ్మ
ఇదే కుర్చీలో కూచోని అడిగింది,
"ఐదు గంటలంటే ఎంత పొద్దు?"
శనక్కాయ పీకను చేన్లో దిగి
సద్దికి గట్టు మీదికి వచ్చేంత పొద్దు, అన్నా.
"అంతేనా?"
అంతే.
"ఆడ మనకంటే రెండున్నర గంటలు ఎనకంటివే,
ఆ రెండున్నరా యాడ దాస్తారు?"
టికెట్టు మడిచి చేతికిచ్చినా.

తొమ్మిదేండ్లకు మొన్న వచ్చింది.
వస్తానే జగడం.
"నీ లెక్క తప్పు. రాను నాలుగున్నరే పట్టింది."
పైన పడమటి గాలి ఉంటుందమ్మా,
పోయేదానికి ఎదురు, వచ్చేదానికి తోడు,
అని నేను చేతులు తిప్పతా ఉంటే
నవ్వింది.
"గాలి గాదబ్బా.
ఇంటి మొగాన మళ్లిన ఎద్దును నువ్వెప్పుడూ చూడల్యా?
ముల్లుగర్ర యాడుండాదో కూడా గుర్తుండదు బండి తోలేవానికి."

అప్పుడు చేతి వాచీ ఇప్పి బల్ల మీద పెట్టింది.
పూత పోయి ఇత్తడి తేలింది.
ఆడ దిగినాక దాన్ని ఒక్కనాడూ తిప్పల్యాదంట.
వాళ్లు ఐదున్నరకు లేపితే, వాచీలో ఎనిమిది,
మా ఊరికి మొదటి బస్సు వచ్చింటాది, అనుకునేదంట.
వాళ్ల పన్నెండుకు గిన్నెలు తోముతా చూస్తే, రెండున్నర.
మా వీధిలో కరెంటు పోయింటాది,
మా చెల్లెలు గడప కాడ కొంగు పరుచుకోని పండింటాది.
"నీ వాచీ తప్పు పోతాంది" అనేదంట మేడం.
ఔ మేడం, అనేదంట ఈమె.

రెండేండ్ల కిందట బ్యాటరీ అయిపాయ.
బజారుకు ఎవురు పంపుతారు?
వాళ్ల గోడ గడియారం చూసేది, రెండున్నర కలుపుకునేది.
పొయ్యి కాడ, నీళ్ల కాడ, నిద్దర్లో గూడా.
"కలిపీ కలిపీ, ఆ కలిపేది కూడా తెలీకుండా పాయ."

పక్కనే జిలానీ వాచీల కొట్టు. నేనే పిల్చుకపోయినా.
కంటికి గాజుబిళ్ల పెట్టుకోని
మూత ఊడదీసినాడు, లోపల తుడిసినాడు,
చొక్కా గుండీ అంత బ్యాటరీ ఏసినాడు.
సెకన్ల ముల్లు ఒకసారి వణికి నడక పట్టింది.
"ఎంత పెట్టమంటావు మా?"

దస్తగిరమ్మ తలెత్తి
ఎదురుగోడ మీది గడియారం చూసింది.
పదకొండు ఇరవై.
వేళ్లు మడిచింది,
పెదాలు కదిలినాయి,
"ఒకటీ యాభై" అనింది.

జిలానీ నా తట్టు చూసినాడు.
నేను రోడ్డు తట్టు చూసినా.
ఏదో బస్సు కండక్టరు రాజంపేట, రాజంపేట అని అరుస్తా ఉండాడు.
ఆమె చెయ్యి చాపుకోని ఉంది,
వాచీ కట్టించుకునేదానికి.